అరచేతిలో పట్టే కంప్యూటర్‌తో ఇంటి సర్వర్: సూరత్‌లో ఒకటి, సొంతూళ్లో ఇంకొకటి

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలుగు మాట కొత్త కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి నేతపని తెలిసిన కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, మరమగ్గాల్లో పని వెతుక్కుంటూ దశాబ్దాల క్రితమే ఇక్కడికి చేరుకున్నారు. ఊళ్లో సాంచాలు నడిపినవాళ్లే ఇక్కడా నడిపారు. వారి తర్వాతి తరంలో కొందరు ఎంబ్రాయిడరీ మెషీన్లకు కంప్యూటర్‌లో డిజైన్లు చేస్తున్నారు. ఇంకొందరు చీరల మార్కెట్లలో లెక్కలు చూస్తున్నారు, సొంతంగా దుకాణాలు పెట్టుకున్నారు.

ఈ ఇళ్లలో ఇప్పుడు పోగుపడుతున్నది డేటా. పెళ్లి వీడియోలు, ఊళ్లో పొలం పట్టాల స్కాన్ కాపీలు, ఆధార్, రేషన్ కార్డుల ఫొటోలు, ఎంబ్రాయిడరీ మెషీన్‌కు ఎక్కించే డీఎస్‌టీ ఫైళ్లు, నెలవారీ పగార్ లెక్కలు. ఇవన్నీ సగం ఫోన్లో, సగం పెన్‌డ్రైవ్‌లో, కొంత వాట్సాప్ చాట్‌లో ఉంటాయి. ఫోన్ పోతే ఏం పోయిందో కూడా వెంటనే గుర్తుకు రాదు.

ఉచితంగా దొరికే చోటు కూడా తగ్గిపోయింది. గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వను ఆపేసింది. అప్పటి నుంచి ఫొటోలు, జీమెయిల్, డ్రైవ్ అన్నీ కలిపి 15 జీబీలోనే సర్దుకోవాలి, లేదంటే నెలనెలా చెల్లించాలి. డిజైన్ చేసేవారికి ఇంకో ఇబ్బంది ఉంది. కొత్త డిజైన్ ఫైలు మార్కెట్‌కు చేరకముందే బయటికి పొక్కితే దానికి విలువ ఉండదు. వాట్సాప్‌లో పంపిన ఫైలు ఎన్ని చేతులు మారుతుందో పంపినవారికి తెలియదు.

ఇంట్లోనే ఒక చిన్న సర్వర్ పెట్టుకోవాలన్న ఆలోచన ఇక్కడే మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఒక సాయంత్రం పని. దాన్ని ఐదేళ్లు నిలబెట్టేది మాత్రం కరెంటు, వేడి, డిస్కు, రెండో కాపీ. సూరత్‌లో ఈ నాలుగింటినీ విడివిడిగా ఆలోచించుకోవాలి.

ఏమిటీ బోర్డు?

ప్రాసెసర్, మెమరీ, యూఎస్‌బీ, నెట్‌వర్క్ పోర్టులు అన్నీ ఒకే సర్క్యూట్ బోర్డు మీద ఉండే కంప్యూటర్‌ను సింగిల్ బోర్డ్ కంప్యూటర్ అంటారు. వీటిలో అందరికీ తెలిసింది రాస్ప్‌బెర్రీ పై. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఎబెన్ అప్టన్ బృందం పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పాలన్న ఉద్దేశంతో దీన్ని తయారుచేసింది. 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చిన తొలి మోడల్ ధర 35 డాలర్లు, మెమరీ 256 ఎంబీ. 2019లో వచ్చిన పై 4, 2023లో వచ్చిన పై 5 ఇంటి సర్వర్‌గా పనికొచ్చేంత శక్తి ఉన్నవి. ఆరెంజ్ పై, రాడ్‌క్సా, ఒడ్రాయిడ్ వంటి ఇతర బోర్డులూ ఉన్నాయి. వాటి హార్డ్‌వేర్ కొన్నిసార్లు మెరుగ్గానే ఉంటుంది. కానీ ఇబ్బంది వచ్చినప్పుడు సమాధానం వెతికితే దొరికేది ఎక్కువగా పై గురించే. మొదటిసారి పెట్టుకునేవారికి ఆ ఒక్క కారణం చాలు.

సర్వర్ అనే మాటకు భయపడాల్సిన పని లేదు. ఎప్పుడూ ఆన్‌లో ఉంటూ, అడిగిన ఫోన్‌కో కంప్యూటర్‌కో ఫైలు అందించే యంత్రమే సర్వర్. ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి కాబట్టే కరెంటు ఖర్చు చూడాలి. ఎస్‌ఎస్‌డీతో కలిపి పై బోర్డు సగటున 6 వాట్లు వాడుతుందనుకుంటే నెలకు 4.3 యూనిట్లు. 60 వాట్లు తాగే పాత డెస్క్‌టాప్‌ను అలాగే వదిలేస్తే 43 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయల లెక్కన ఒకటి ముప్పై రూపాయలు, రెండోది మూడు వందలు.

అలాగని పై బోర్డే కొనాలని లేదు. 2025 చివర్లో మెమరీ చిప్‌లు ఖరీదవడంతో పై బోర్డుల ధరలూ పెరిగాయి. బోర్డు, అడాప్టర్, కేస్, ఫ్యాన్, ఎస్‌ఎస్‌డీ అన్నీ కలిపి లెక్కేస్తే, వాడిన మినీ పీసీ ఒక్కోసారి తక్కువకే వస్తుంది. స్క్రీన్ పగిలి మూలన పడేసిన ల్యాప్‌టాప్ ఉంటే ముందు దానితోనే మొదలుపెట్టవచ్చు. దానికి బ్యాటరీ ఉంటుంది, అంటే యూపీఎస్ లోపలే ఉన్నట్టు. ఉబ్బిన బ్యాటరీ అయితే మాత్రం వాడకూడదు.

ఎంత మెమరీ ఉన్న బోర్డు కొనాలన్నది దానితో చేయించే పనిని బట్టి ఉంటుంది. ఫైళ్లు దాచుకోవడం, ఇంటివాళ్లు పంచుకోవడం వరకే అయితే 2 జీబీ సరిపోతుంది. ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టి వేరుచేసే ఇమిచ్ వంటిది నడపాలంటే 8 జీబీ ఉంటే మంచిది. సినిమాలను ఒక ఫార్మాట్ నుంచి ఇంకో దానికి అప్పటికప్పుడు మార్చి టీవీకి పంపాలనుకుంటే పై 5 కూడా తగినది కాదు, దానిలో వీడియో ఎన్‌కోడింగ్‌కు ప్రత్యేక హార్డ్‌వేర్ లేదు.

కరెంటు, వేడి, నూలు పొట్టు

పై బోర్డుల మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అడాప్టర్. పై 4కు 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చేది కావాలి. పై 5కు 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు. ఫోన్ ఛార్జర్ మీద 65 వాట్లు అని రాసి ఉన్నా చాలావరకు అది 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లే ఇస్తుంది. అప్పుడు పై 5 నడుస్తుంది కానీ, యూఎస్‌బీ పోర్టులన్నింటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లకు మించి ఇవ్వదు. ఆ పోర్టుకు తగిలించిన హార్డ్ డిస్క్ రాత్రి బ్యాకప్ మధ్యలో మాయమవుతుంది. ఇంటివాళ్లు డిస్కును తిట్టుకుంటారు. కంపెనీ సొంత అడాప్టర్ కొంటే ఈ బాధ ఉండదు.

సూరత్ నగరంలో ఎక్కువ భాగానికి టొరెంట్ పవర్, చుట్టుపక్కల ప్రాంతాలకు దక్షిణ్ గుజరాత్ విజ్ కంపెనీ కరెంటు ఇస్తాయి. గంటల తరబడి కోత కంటే సర్వర్‌కు ప్రమాదకరమైనది ఒక్క క్షణం పోయి వచ్చే కరెంటు. మగ్గాల షెడ్డు పక్కనే ఇల్లు ఉంటే మోటార్లు ఒక్కసారిగా మొదలైనప్పుడు వోల్టేజీ పడిపోవచ్చు. డిస్కులో రాస్తున్న సమయంలో ఇలా జరిగితే ఫైలు సగంలో తెగిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక ఉండే స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. సాధారణ మోడ్‌లో బ్యాటరీకి మారేందుకు పట్టే ఆ కాస్త ఆలస్యానికి ఫ్యాన్ ఆగదు కానీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. రూటర్‌నూ అదే లైన్‌లో పెట్టాలి.

ఇంకో చిన్న సంగతి. పై 4కు సొంత గడియారం లేదు. కరెంటు వచ్చాక ఇంటర్నెట్ దొరికితేనే సమయం సరిచేసుకుంటుంది. రూటర్ లేవడం ఆలస్యమైతే సర్వర్ పాత తేదీతోనే పని మొదలుపెడుతుంది, సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లవంటూ సేవలు మొరాయిస్తాయి. పై 5లో గడియారం ఉంది, దానికి చిన్న బ్యాటరీ విడిగా కొని తగిలించాలి.

ప్రాసెసర్ 80 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే పై తన వేగం తానే తగ్గించుకుంటుంది. మే నెలలో రేకుల కప్పు కింద గదే నలభై డిగ్రీలుంటే అక్కడికి చేరడానికి ఎంతో సేపు పట్టదు. ఫ్యాన్ పెట్టాలి. కానీ మగ్గాలున్న ఇంట్లో, పక్కన షెడ్డున్న ఇంట్లో ఫ్యాన్ గాలితో పాటు నూలు పొట్టునూ లాగుతుంది. నెలకోసారి విప్పి బ్రష్‌తో దులపకపోతే అదే దుప్పటిలా కప్పేస్తుంది. ఇలాంటి చోట ఫ్యాన్ లేని, కేస్ మొత్తం అల్యూమినియంతో చేసిన రకం మేలు. కేసే వేడిని బయటికి పంపుతుంది. ఎక్కడ పెట్టినా నేల మీద మాత్రం వద్దు, గోడకు ఎత్తులో బిగించాలి. దానికి కారణం సూరత్ వాసులకు వివరించనక్కర్లేదు, 2006 ఆగస్టు గురించి మళ్లీ కింద ఉంది.

ఇక డిస్కు. పై బోర్డుతో పాటు అందరూ కొనేది మైక్రో ఎస్‌డీ కార్డు. కెమెరాలో ఫొటోలు దాచడానికి చేసిన ఆ కార్డు మీద సర్వర్ రోజంతా లాగ్‌లు, డేటాబేస్ మార్పులు రాస్తూనే ఉంటుంది. అది కొన్ని నెలలకో, ఏడాదికో చెప్పకుండా చేతులెత్తేస్తుంది. ఫొటోలు, ఫైళ్లు దాని మీద ఎన్నడూ పెట్టకూడదు. పై 4ను యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ నుంచే బూట్ చేయవచ్చు. పై 5కైతే ఎన్‌విఎంఈ ఎస్‌ఎస్‌డీ తగిలించే చిన్న బోర్డులు దొరుకుతాయి. పెద్ద సైజు హార్డ్ డిస్క్ వాడితే దానికి సొంత అడాప్టర్ ఉండాలి. విండోస్‌లో వాడిన డిస్కును అలాగే తగిలించకుండా లైనక్స్ సొంతదైన ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. కరెంటు పోయినప్పుడు తట్టుకునే గుణం, ఎవరి ఫోల్డర్ ఎవరు చూడాలనే అనుమతులు, రెండూ అప్పుడే సరిగా పనిచేస్తాయి.

ఒక సాయంత్రం పని

వేరే కంప్యూటర్‌లో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి, డెస్క్‌టాప్ లేని 64 బిట్ లైట్ వెర్షన్ ఎంచుకుని ఎస్‌ఎస్‌డీ మీద రాయించాలి. రాయించే ముందే ఆ ప్రోగ్రామ్‌లో సర్వర్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌ను ఆన్ చేసుకుంటే బోర్డుకు మానిటర్, కీబోర్డు అవసరమే ఉండదు. వైఫైతో కాకుండా కేబుల్‌తో రూటర్‌కు కలపాలి. రూటర్ సెట్టింగ్‌లలో దానికి ఎప్పుడూ ఒకే లోపలి అడ్రస్ వచ్చేలా కేటాయించాలి. లాగిన్ అయ్యాక అప్‌డేట్లు వేసి, భద్రతా అప్‌డేట్లు వాటంతట అవే పడేలా పెట్టాలి.

తర్వాత సేవలు. ఇంట్లో విండోస్ కంప్యూటర్లకు ఫోల్డర్‌లా కనిపించాలంటే సాంబా. ఫోన్ ఫొటోలకు ఇమిచ్. ఫైళ్లు, క్యాలెండర్ అన్నీ ఒక్కచోట కావాలంటే నెక్స్ట్‌క్లౌడ్, కాస్త బరువైనది. రెండు కంప్యూటర్ల మధ్య ఒక ఫోల్డర్‌ను ఎప్పటికప్పుడు ఒకేలా ఉంచడానికి సింక్‌థింగ్. మొదటి వారంలోనే పది సేవలు ఎక్కించినవారు మూడో నెలలో ఏదీ వాడకపోవడం మామూలే. ఒకటి పెట్టి, ఇంట్లో అందరికీ అలవాటయ్యాక రెండోది పెట్టుకోవడం మంచిది.

కమాండ్లు టైప్ చేయడం ఇష్టంలేనివారికి ఫ్రీడమ్‌బాక్స్ ఉంది. కొలంబియా యూనివర్సిటీ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఎబెన్ మోగ్లెన్ 2010లో ప్రతిపాదించిన ఈ ప్రాజెక్టు డెబియన్ లైనక్స్ మీద నడుస్తుంది. సెట్టింగ్‌లన్నీ బ్రౌజర్‌లోనే. దీని అభివృద్ధిలో హైదరాబాద్ వాళ్ల చేయి గట్టిగానే ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ స్వేచ్ఛ కార్యకర్తలు తెలంగాణలోని కొన్ని గ్రామాల్లో వైఫై అందించడానికీ దీన్నే వాడారు. కొనే ముందు అది ఏయే బోర్డుల మీద నడుస్తుందో చూసుకోవాలి.

తలుపు తెరవకుండా బయటి నుంచి రావడం

మార్కెట్‌లో ఉన్న మనిషికి ఇంట్లోని ఫైలు కావాలి. చాలామంది మొదట చేసేది రూటర్‌లో పోర్టు తెరవడం. చాలా కనెక్షన్లలో అది పనే చేయదు. ఐపీవీ4 అడ్రస్‌ల కొరత వల్ల ఇంటర్నెట్ కంపెనీలు అనేక ఇళ్లకు కలిపి ఒకే బయటి అడ్రస్ ఇస్తున్నాయి. దీన్ని సీజీనాట్ అంటారు. రూటర్ స్టేటస్ పేజీలో వాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆ ఇల్లు దాని వెనకే ఉన్నట్టు.

పోర్టు తెరవగలిగినా తెరవకపోవడమే మంచిది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, రూటర్లను లక్షల సంఖ్యలో చేజిక్కించుకుంది. ఆ ఏడాది అక్టోబర్‌లో వాటితోనే డిన్ అనే సంస్థ మీద దాడి జరిగి పెద్ద పెద్ద వెబ్‌సైట్లు నిలిచిపోయాయి. మరుసటి ఏడాది ఒక మాల్‌వేర్ ప్రత్యేకించి రాస్ప్‌బెర్రీ పైలనే వెతికింది. అప్పట్లో అన్నింటికీ ఒకే యూజర్ పేరు, ఒకే పాస్‌వర్డ్ ఉండేవి. వాటితో లోపలికి దూరి క్రిప్టో కరెన్సీ తవ్వించింది. ఆ డిఫాల్ట్ యూజర్‌ను రాస్ప్‌బెర్రీ పై 2022 ఏప్రిల్‌లో తీసేసింది.

ఇంటి సర్వర్‌కు తగిన దారి వీపీఎన్. వైర్‌గార్డ్ అనే పద్ధతి మీద నడిచే టెయిల్‌స్కేల్ వంటి సేవను సర్వర్‌లో, ఇంటివాళ్ల ఫోన్లలో పెట్టుకుంటే అవి ఎక్కడున్నా ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టు పనిచేస్తాయి. సీజీనాట్ అడ్డురాదు, బయటి ప్రపంచానికి ఏ తలుపూ తెరుచుకోదు. కనెక్షన్‌ల వ్యవహారం మధ్యలో ఒక కంపెనీ చూస్తుందన్నది నిజమే, ఫైళ్లు మాత్రం దానికి చదవడానికి వీల్లేకుండా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తాయి. అదీ వద్దనుకుంటే వైర్‌గార్డ్‌ను సొంతంగా పెట్టుకోవచ్చు, అప్పుడు పబ్లిక్ అడ్రస్ ఉన్న కనెక్షనో, అద్దె సర్వరో కావాలి.

సొంతింటి ఫొటోల వరకు చట్టంతో పేచీ లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వ్యక్తిగత, ఇంటి అవసరాలకు వాడే డేటాకు వర్తించదు. అదే పెట్టెలో దుకాణం కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు పెడితే అది ఇంటి అవసరం కాదు.

నవజీవన్‌లో వెళ్లే బ్యాకప్

2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి సూరత్‌లో అధిక భాగం మునిగింది. కింది అంతస్తుల్లో ఉన్నవేవీ మిగల్లేదు. అప్పుడు పోయినవి కాగితాలు, ఆల్బమ్‌లు, నూలు బేళ్లు. ఇప్పుడైతే సర్వర్, దాని పక్కనే పెట్టిన బ్యాకప్ డిస్కు రెండూ ఒకేసారి పోతాయి. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం రాసే రైడ్ పద్ధతికీ ఇదే పరిమితి. ఒక డిస్కు చెడిపోతే అది కాపాడుతుంది. వరద, దొంగతనం, పొరపాటున చెరిపేసిన ఫోల్డర్ దగ్గర దానివల్ల ఉపయోగం లేదు.

కనుక ఒక కాపీ వేరే ఊళ్లో ఉండాలి. ఇక్కడ సూరత్ తెలుగు కుటుంబాలకు మామూలు నగరవాసికి లేని సౌకర్యం ఉంది. చాలామందికి సిరిసిల్లలోనో, జమ్మికుంటలోనో, పోచంపల్లిలోనో అన్నదమ్ముల ఇల్లో, అమ్మానాన్నల ఇల్లో ఉంది. ఇంటర్నెట్ కనెక్షన్ కూడా ఉంటోంది. అక్కడ తక్కువ మెమరీ ఉన్న పాత పై బోర్డు, ఒక డిస్కు పెడితే చాలు.

మొదటి కాపీని నెట్ మీద పంపాలనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. 500 జీబీని సెకనుకు 40 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో పంపితే, వేగం ఎక్కడా తగ్గకపోయినా 28 గంటలు. మధ్యలో తెగితే ఇంకా ఎక్కువ. దానికంటే రెండో డిస్కును సూరత్‌లోనే సర్వర్‌కు తగిలించి మొదటి కాపీ పూర్తిచేసి, నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ వెళ్లే మనిషి సంచిలో పెట్టడం తేలిక. ఊళ్లో తగిలించాక రోజూ వెళ్లేది మారిన ఫైళ్లే. 2 జీబీ కొత్త ఫొటోలకు ఏడు నిమిషాలు చాలు.

ఈ పనికి రెస్టిక్ లేదా బోర్గ్ వంటి బ్యాకప్ ప్రోగ్రామ్ వాడాలి, సింక్‌థింగ్ కాదు. సింక్ అంటే ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోవడం. బ్యాకప్ ప్రోగ్రామ్ నిన్నటి కాపీ, పోయిన నెల కాపీ విడిగా ఉంచుతుంది. పంపే ముందే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది కాబట్టి ఊళ్లో డిస్కు ఎవరి చేతిలో పడ్డా చదవలేరు. పాస్‌వర్డ్ పోతే సొంతదారూ చదవలేడు. దాన్ని కాగితం మీద రాసి ఒకటి సూరత్ బీరువాలో, ఇంకొకటి ఊళ్లో పట్టా కాగితాలతో పాటు ఉంచాలి.

ఆ కాగితం మీద పాస్‌వర్డ్ ఒక్కటే ఉంటే సరిపోదు. సర్వర్ పెట్టినవాడు ఉద్యోగానికి పుణెకో, గల్ఫ్‌కో వెళ్తే ఇంట్లో మిగిలినవారికి అది లైట్లు మెరిసే పెట్టె మాత్రమే. ఎలా ఆపాలి, ఎలా మొదలుపెట్టాలి, డిస్కు తీసి వేరే కంప్యూటర్‌లో ఎలా చదవాలి, ఎవరిని అడగాలి అన్నది తెలుగులో ఒక పేజీ రాసి పెట్టెకే అంటించాలి. ఎన్నో ఇంటి సర్వర్లు ఆగిపోయేది బోర్డు కాలిపోయి కాదు, ఈ ఒక్క పేజీ లేక.

అదే పెట్టెలో తెలుగు గ్రంథాలయం

సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ ప్రాథమిక పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాతో పాటు తెలుగు మాధ్యమంలోనూ నడిచాయి. ఆ బడి దాటాక పిల్లలకు తెలుగు చదివే సందర్భాలు తగ్గిపోతాయి. ఇంట్లో మాట ఉంటుంది, అక్షరం జారిపోతుంది. కివిక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో 2003లో మొదలైన తెలుగు వికీపీడియా మొత్తాన్నీ, పాత పుస్తకాలుండే తెలుగు వికీసోర్స్‌నూ ఈ సర్వర్‌లోనే పెట్టుకోవచ్చు. అంతా కలిపి ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టేంతే. ఇంట్లో వైఫై పట్టే ఏ ఫోన్‌లోనైనా, నెట్ ప్యాక్ అయిపోయినా తెరుచుకుంటుంది. ప్రకటనలు ఉండవు, పక్కన వీడియోలు పిలవవు. సర్వర్‌కు ఇది దాదాపు బరువే కాదు.

దసరాకో, సంక్రాంతికో ఊరెళ్లినప్పుడు చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉంటుంది. అక్కడి డిస్కును ల్యాప్‌టాప్‌కు తగిలించి, కాగితం మీద ఉన్న పాస్‌వర్డ్ కొట్టి, ఏదో ఒక పెళ్లి ఫొటో, ఒక డిజైన్ ఫైలు, ఒక పట్టా స్కాన్ బయటికి తీసి తెరిచి చూడాలి. తెరుచుకోకపోతే కారణం అప్పుడే వెతకాలి, సూరత్‌లో అసలు కాపీ ఇంకా ఉండగానే.